లారీ మొఖం ఎటు పెట్టి అడిగినవ్

ఇప్పలగుంపు,
జూలై, నాట్లు మొదలైన వారం

తమ్ముడు గోపాలుకు మీ అక్క జంపక్క రాసేది. ఇక్కడ అందరం ఉన్నం. ఒకడు తక్కువ ఉన్నం, అది నీకు తెలుసు.

ఫోన్ చెయ్యకుండ కాయిదం ఎందుకంటవేమో. సిగ్నల్ కోసం గుట్టెక్కితే అక్కడ ఎప్పుడూ పది మంది ఉంటరు. నేను మాట్లాడింది నాకంటే ముందే కింద మన ఊరి గుంపులకు దిగుతది. ఐదో తరగతి దాంక నేర్చిన అక్షరాలు, తప్పులుంటే సర్దుకో.

సంగతి నా బిడ్డ ప్రమీలది. నీ ఇంట్ల పెట్టుకుని ఇంటర్ చదివిస్తున్నవ్ గదా. కాలేజీల ఏదో కాగితం ఇచ్చిండ్రంట, పెద్దయినంక ఏమైతరో గీత కొట్టమని. నర్సు, టీచరు, పోలీసు, ఇతరములు అని ఉంటే ఇది ఇతరములు కాడ కొట్టి పక్కన లారీ డ్రైవర్ అని రాసింది. మేడం పిలిచి ఎందుకని అడిగితే, మా అన్న లారీల ఉన్నడు, ఎవరో ఒకరు నడపాలె గదా అన్నదంట. మీ అన్న డ్రైవరా అని మేడం అడిగింది. చనిపోయిండు, లారీల ఉన్నడు అని ఇది చెప్పింది. ఆ మేడం నాకు ఉత్తరం పంపింది, పిల్ల మనసు బాగలేదు, దవాఖానాల చూపించమని.

పిల్ల మనసు బాగనే ఉంది. ఉన్న మాటే చెప్పింది. నా కొడుకు సమ్మయ్య జీవాన్ని ఇంటికి పిలవనీకి పదకొండో దినం కొత్త కుండ తీసుకుని జామాయిల్ తోటకు పోయిన్నాడు నువ్వూ ఉన్నవ్. పాము కరిచిన జాగల నిలబడి పిలిస్తే రాలే. మన గుంపు పెద్ద బొజ్జయ్య తాత కుండ మోసేటోళ్ళను వాళ్ళ కాళ్ళకు వదిలేస్తే సక్కగ పోయి నీ లారీ డోరు కాడ ఆగిండ్రు. మూడు సార్లు తిప్పుకొస్తే మూడు సార్లు అక్కడికే. అడిగిన మాటకు పోయినోడు ముందుకు నడిపిస్తే అవ్, వెనక్కి లాగితే కాదు, మన తాతల కాడి నుంచి అంతే. ఖాళీ కుండ తెచ్చి ఇంట్ల పెట్టిన. వాడు నీ లారీల ఉన్నడు. నువ్వు తినే ముందు ఇంజన్ మూత మీద ముద్ద పెడుతున్నవని ప్రమీల చెప్పింది. కూర కూడ పెట్టు. వాడికి ఉత్తన్నం దిగదు.

నీతోటి లారీ నడిపే ఇరవై రెండేండ్ల కొడుకు, లారీ కింద నీడకు పండుకుని పాముకు పోయిండు. ఉన్న ఒక్కదాన్ని నేను లారీ ఎక్కించలేను. నువ్వు దానికి మామవు, పైగా డ్రైవరువు. ఆ పనిల ఉన్న కష్టమంత చెప్పి భయపెట్టు. జల్దీ.

నీ అక్క
జంపక్క


సారపాక,
ఆగస్టు 6

అక్కకు గోపాలు నమస్కారం.

నువ్వు చెప్పినట్టే భయపెట్టుడు మొదలుపెట్టిన. నడుములు పోతయని చెప్పిన, తిండికి టైం ఉండదని చెప్పిన, లోడు తూచే కాటా కాడ లైన్ల రెండు రోజులు కూర్చోవాలని చెప్పిన. నోటుబుక్కు తెచ్చుకుని రాసుకున్నది. మధ్యల ఆపి, నడుములు ఏ గేరుకు ఎక్కువ పోతయి మామా అని అడిగింది.

టైరు విప్పమన్న. నట్లు ఆడపిల్లకు రావు గదా అని. స్పానరుకు పొడుగు పైపు తొడిగి, దాని మీద ఎక్కి ఎగిరింది. ఊడొచ్చినయ్. తర్వాత తోవల ఆడోళ్ళకు బాత్రూములు ఉండవమ్మా అన్న. సారపాక నుంచి కల్లూరు దాంక ఏ పెట్రోలు బంకుల శుభ్రంగ ఉంటయో కాగితం రాసి పెట్టుకున్నది ముందే. ఇరవై ఏండ్ల నుంచి ఆ తోవల తిరుగుతున్న, నాకే తెల్వదు. ఆ కాగితం చూసి నేను గూడ రాసుకున్న.

ఆఖరికి సమ్మయ్య సంగతి తీసిన. లారీల పడక ఎంత ఇరుకో చెప్పిన. వాడు పండుకుంటే కాళ్ళు కిటికీల నుంచి బయటికొచ్చేటియి, లైన్ల ఉన్న డ్రైవర్లు వాటి మీద తువ్వాలలు ఆరేసేటోళ్ళు అని చెప్పిన. నవ్వింది. మే నెల తర్వాత ఇదే మొదలు నవ్వుడు. ఇగ భయపెట్టబుద్ధి కాలే.

మనం కొట్లాడుకునుడు ఎందుకు, అన్ననే అడుగుదాం అన్నది. కుండకైతే మోసేటోళ్ళు కావాలె, లారీకి చక్రాలున్నయ్. గోదారి కరకట్ట మీద నుంచి దిగే తోవల లారీని ఆపి, న్యూట్రల్‌ల పెట్టి, చక్రాల కింద అడ్డం పెట్టిన చెక్కలు తీసి అడిగినం. చెల్లె డ్రైవరు కావచ్చునా సమ్మయ్యా అని. అక్కా, లారీ ముందుకు నడిచింది. ఎంత మెల్లగ, ఎంత నమ్మకంగ నడిచిందంటే నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. ఇరవై గజాలు పోయినంక ఉరికి బ్రేకు కొట్టిన. నా పక్క లారీ డ్రైవరు సోమ్లా సాక్షి. వాడు దండం కూడ పెట్టిండు.

ఇగ నీ ఇష్టం.

గోపాలు


ఇప్పలగుంపు,
ఆగస్టు ఆఖరు

తమ్ముడా,

నీ ఉత్తరం బొజ్జయ్య తాతకు చదివి వినిపించిన. ఆయన అంత విన్నడు. తర్వాత ఒక్క మాట అడిగిండు. లారీ మొఖం ఎటు పెట్టి అడిగిండు మీ తమ్ముడు?

దిగుడు దిక్కు మొఖం పెట్టి చెక్కలు తీస్తే లారీ ముందుకు పోక ఇంట్లకు పోతదా? గట్లయితే నా రోలును గుట్ట మీద పెట్టి అడిగినా అవ్ అనే అంటది. నువ్వు చిన్నప్పుడు గూడ గిట్లనే. బొమ్మా బొరుసా వేస్తే రెండు పక్కల బొమ్మ ఉన్న బిళ్ళ తెచ్చేటోడివి.

లారీ మొఖం ఎగువకు పెట్టి అడుగు. నా కొడుకు నిజంగ ఒప్పుకుంటే ఎగువకే నడుస్తడు. వాడు బలమైనోడు. రెండు మూటల వడ్లు ఎత్తుకుని వాగు దాటిండు, నువ్వు చూసినవ్.

వానలకు వాగు పొంగి నాలుగు రోజులు అవతలికి పోలేదు. వాడుంటే ఈదిపోయి ఉప్పు తెచ్చేటోడు. ఇప్పుడు పక్కింటి ముత్తక్క కాడ బదులు తెచ్చుకుంటున్న. ఆమె ఉప్పుతో పాటు ఏడుపు కూడ ఇచ్చి పంపుతది, పాపం. ఇద్దరం కూర్చుని ఏడిచేసరికి కూర మాడుతది.

ఎగువకు. మర్చిపోకు.

జంపక్క


సారపాక,
సెప్టెంబరు 19

అక్కకు,

ఎగువకు పెట్టి అడిగినం. వెనక్కి పోయింది.

ఎంత దూరం పోయిందో కూడ చెప్పాలె. వెనక నిమ్మసోడా బండి ఉన్నది నేను చూసుకోలే. బండాయన దూకి తప్పుకున్నడు, సీసాలు తప్పుకోలే. బ్రేకు ఎవరు తీసిండ్రని అడిగిండు. ఏం చెప్పాలె. మా మేనల్లుడు అన్న. ఏడీ, వాణ్ణి పిలువు అన్నడు. పిలిస్తే రాడన్నా, అందుకే ఇదంత అని చెప్పిన. ఆయన నా మొఖం చూసి, కూర్చుని గాజుపెంకులు ఏరుకున్నడు. నేనూ కూర్చుని ఏరిన.

నువ్వు గెలిచినవని అనుకోకు. ప్రమీల ఒప్పుకోలే. దిగుడుల అవ్ అన్నోడు ఎక్కుడుల కాదన్నడు, అంటే అన్న ఏమీ అనలే, నేల అన్నది అని చెప్పింది. చదునుల అడగాలన్నది. మార్కెట్ యార్డుల సిమెంటు నేల మీద పెట్టి చెక్కలు తీసినం. పొద్దున తొమ్మిదికి అడిగితే పన్నెండైనా కదల్లే. డ్రైవర్లందరు వచ్చి చుట్టూ కూర్చున్నరు. కొందరు అవ్ దిక్కు, కొందరు కాదు దిక్కు. సోమ్లా మాత్రం ఇంజన్ స్టార్ట్ చేస్తే జల్దీ తెలుస్తదన్నడు. వాణ్ణి పంపించేసినం.

సమ్మయ్య ఆలోచిస్తున్నడని నా అభిప్రాయం.

గోపాలు


ఇప్పలగుంపు,
అక్టోబరు, సెలవులు అయిపోయినంక

తమ్ముడా,

సమ్మయ్య ఎన్నడూ మూడు గంటలు ఆలోచించలే. ఏదన్న అడిగితే అడగకముందే తల ఊపేటోడు. అందుకే నాకు అనుమానం. బొజ్జయ్య తాత కూడ అన్నడు, కన్నది అడగాల్సిన మాట మామ అడిగితే లారీ ఏం చెప్తదని.

ఇంకో సంగతి. ప్రమీల సెలవులకు వచ్చి పదిరోజులుండి పోయింది. నేను దాని చెప్పులు కడిగిన. కుడికాలు చెప్పు కొత్తగ ఉంది. ఎడమకాలిది నడిమిట్ల అరిగి బొక్క పడింది. కాలేజీకి రెండు కాళ్ళతోనే పోతది గదా అని చాలాసేపు ఆ చెప్పు పట్టుకుని కూర్చున్న. మరునాడు గొడ్లను దొడ్లె కట్టేటప్పుడు చూసిన. ఎద్దును వెనక్కి జరపనీకి, రానీ రానీ రానీ, చాలు అని చెయ్యి ఊపుకుంట దాని తోక దిక్కు నిలబడ్డది. ఎద్దు సరిగ్గ గుంజ కాడ ఆగింది. నలభై ఏండ్ల సంసారంల నాకు గట్ల ఆగలే.

లారీల ఎడమకాలితో తొక్కేది ఏముంటదో మన సమ్మయ్య నాకు ఒకసారి చెప్పిండు. గేరు మార్చినప్పుడల్ల తొక్కాల్నంట.

నువ్వు నాకు ఏదో దాస్తున్నవ్ గోపాలు. ఒకటి కాదు. నువ్వు ఉత్తరంల నవ్విచ్చినప్పుడల్ల నాకు గట్లనే అనిపిస్తది. ఉన్నది రాయి.

అక్క


సారపాక,
అక్టోబరు 30

అక్కకు,

ఈ ఉత్తరం నాలుగు సార్లు మొదలుపెట్టిన.

అవ్, నడిపింది. రోడ్డు మీద కాదు. కాటా కాడ లైను ఉంటది, ముందు లారీ జరిగితే మనం ఒక లారీ పొడుగు జరగాలె. ఆదివారాలు నాకు చాయ తెచ్చిచ్చేది. ఒకనాడు, మామా నువ్వు తాగు నేను జరుపుత అన్నది. అప్పటి నుంచి జరుపుతున్నది. మొత్తం కలిపితే భద్రాచలం పోయి వచ్చేంత దూరం నడిపి ఉంటది, అంతా ఆ లైన్లనే. ఒక్క బండికి గీత పడలే. నాకంటే మెల్లగ ఆపుతది, ఇంజన్ మూత మీద పెట్టిన సమ్మయ్య గ్లాసుల చాయ ఒలకదు. కారు లైసెన్సుకు పద్దెనిమిది నిండాలె, పెద్ద లారీకి ఇరవై నిండాలె, అది దానికి చెప్పిన. క్యాలెండరు వెనక లెక్కేసుకున్నది.

ఇది ఒకటి. రెండోది చెప్తే నువ్వు నా ముఖం చూడవు.

సమ్మయ్య పోయిన ఆ రోజు మధ్యాహ్నం జామాయిల్ కర్ర ఇంకా కొడుతున్నరు, లోడుకు టైం ఉంది. తోటల నిప్పులు కురుస్తున్నయ్. క్యాబిన్‌ల పడక ఒక్కటే, చిన్న ఫ్యాను ఉండేది అక్కడే. ఒకరోజు నాది, ఒకరోజు వాడిది. ఆ రోజు వాడి వంతు. నడుము లాగుతున్నదిరా అని నేను ఎక్కి పండుకున్న. వాడు ఏమనలే. గోనెసంచి తీసుకుని కిందికి దిగిండు.

నా వంతు కాదక్కా. వాడి పడకల నేను పండుకున్న. అందుకే ప్రమీలను భయపెట్టలేకపోయిన. ఆ లారీల అది ఏది అడిగినా ఇవ్వాలనే అనిపిస్తది నాకు. కరకట్ట మీద మొఖం దిగుడు దిక్కు పెట్టింది తెల్వక కాదు, తెలిసే పెట్టిన.

గోపాలు


ఇప్పలగుంపు,
నవంబరు ఆఖరు

గోపాలు,

నెల దాంక రాయలే. రాసిన, పంపలే. మూడు కాయిదాలు పొయ్యిల ఏసిన. ఒకదాంట్ల నువ్వు నా తమ్ముడివి కాదని ఉండె. దాంతో చాయ కాగింది, ఆ చాయ తాగిన.

నాకు ముందే తెలుసు. ఏం జరిగిందో తెల్వదు గానీ, ఏదో పడక సంగతి అని తెలుసు. దినాలకు నువ్వు మా ఇంట్ల పదకొండు రోజులున్నవ్. నీకని నులక మంచం ఏసి దుప్పటి పరిస్తే ఒక్కనాడు ఎక్కలే. నడుము నొప్పి మనిషివి, చాప గూడ లేకుండ గేదె పక్కన నేల మీద పండుకున్నవ్. గేదె సుత నిన్ను చూసి జరిగి జాగ ఇచ్చింది. పామున్న లోకంల నేల మీద పండుకునేటోడు ఒకటి పొగరుబోతన్న అయి ఉండాలె, లేకుంటే పాము కోసం చూసేటోడన్న అయి ఉండాలె. నీకు పొగరు లేదు.

ఇన్ని నెలలు చెప్పలేదని కోపమొచ్చింది. చెప్పినంక ఎందుకు చెప్పినవని కోపమొచ్చింది. ఇప్పుడు ఏ కోపం ఉందో నాకే తెల్వట్లే. ముత్తక్క గూడ ఏడవనీకి వచ్చి నా మొఖం చూసి ఉప్పిచ్చి పోతున్నది.

లారీని తోలుకురా. వాగు ఎండింది. కళ్ళం ఊడ్చి చదును చేపిచ్చిన. ఈసారి నేను అడుగుత.

జంపక్క


సారపాక,
డిసెంబరు 3

అక్కకు,

వచ్చే ఆదివారం వస్తున్నం. ఓనరుకు ఏం చెప్పాల్నో తెల్వక, బండికి మొక్కుందని చెప్పిన. మంచిదన్నడు, కొబ్బరికాయ తన పేరు మీద గూడ ఒకటి కొట్టమన్నడు. ప్రమీలను తీసుకొస్త. బండి నేనే నడుపుత, దాన్ని ముట్టనియ్య.

కోపం ఏది ఉన్నా మొఖం మీదనే తిట్టు. ఉత్తరంల వద్దు.

గోపాలు


ఇప్పలగుంపు,
డిసెంబరు, మీరు పోయిన నాలుగో రోజు

తమ్ముడు గోపాలుకు అక్క రాసేది.

నేను లారీల ఏం అడిగిన్నో నువ్వు అడగలే, నేను చెప్పలే. కళ్ళం అవతల తాటిచెట్టు కింద కూర్చుని గడ్డి పీక్కుంట ఉన్నవ్. పశువు తినాల్సిన గడ్డంత నువ్వే పీకినవ్. ఇప్పుడు చెప్త.

ముందు ఆ చీటీ సంగతి. అడవి చెక్‌పోస్టు కాడ గార్డు, లోడు ఏందని అడిగితే ప్రమీల మా అన్న అన్నదంట. ఆయన లారీ వెనకకు పోయి చూసి, కిందికి వంగి చూసి, ఖాళీ అని రాసిచ్చిండు. ఆ చీటీ డాష్‌బోర్డు మీద ఉంటే నేను తీసి దాచుకున్న. ఆయన తప్పేం లేదు, కనిపించింది రాసిండు.

లారీని కళ్ళంల నువ్వే నిలబెట్టినవ్. ప్రమీల చెంబుల నీళ్ళు ఇంజన్ మూత మీద పెట్టి ఏ దిక్కూ వొరగట్లేదని చూసి, బ్రేకు తీసి దిగిపోయింది. నేను ఒక్కదాన్నే కూర్చున్న. ఆ సీటుల కూర్చునుడు అదే మొదలు. ఎదురుంగ అద్దంల మన గుంపు అంత కనిపిస్తది తమ్ముడా. నా ఇల్లు గూడ కనిపిచ్చింది, చిన్నగ ఉంది.

చెల్లెను పంపాల్నా అని అడిగిన. కదల్లే. ఇంటికి దిగుతవా బిడ్డా, కుండ తెచ్చిన అని అడిగిన. కదల్లే. మామ మీద కోపముందా అని అడిగిన. చెంబుల నీళ్ళు సుత కదల్లే. ఏం చెప్పిందని బయట బొజ్జయ్య తాత కేకేస్తున్నడు. నాకు అలుపొచ్చింది. ఏడు నెలల అలుపు. వెనక నువ్వు చెప్పిన ఆ పడక కనిపిస్తే ఎక్కి ఒరిగిన.

తమ్ముడా, దాంట్ల నాకే కాళ్ళు పట్టలే. నేను నీ భుజం దాంక వస్త. నా పాదాలు డోరుకు తగిలినయ్, మోకాళ్ళు ముడిస్తే స్టీలు కమ్మి గుచ్చింది. ఫ్యాను వేసుకుంటే వేడి గాలి మొఖాన కొట్టింది, అది గూడ డిసెంబరుల. సమ్మయ్య దూలం తగలకుండ మన ఇంట్ల నిలబడలేడు. వాడి కాళ్ళ మీద తువ్వాలలు ఆరేసేటోళ్ళని నువ్వే రాసినవ్ గదా, చదివి నవ్విన గానీ అప్పుడు ఆలోచించలే. మే నెల మధ్యాహ్నం ఆ రేకు డబ్బాల వాడు ఎట్ల పండుకుంటడు? వంతు వాడిదే కావచ్చు. నువ్వు ఎక్కకపోయినా వాడు కాసేపు పొర్లి, కాళ్ళు తిమ్మిరెక్కి, నీకు ఏదో ఒకటి చెప్పి కిందికే దిగేటోడు. నువ్వు అడిగినవ్ గనుక ఆ రోజు జల్దీ దిగిండు. నా కొడుకును నేను ఎరుగుదును. ఏమనలే అని రాసినవ్ చూడు, సంబురపడి ఉంటడు.

ఇది నేను నీ కోసం అల్లి చెప్తున్ననని అనుకుంటవేమో. నడుము నొప్పి తగ్గినంక నువ్వే కొలిచి చూసుకో.

తర్వాత ప్రమీలను పిలిచిన. ఎక్కి పండుకోమన్న. అది పండుకుంది. కాళ్ళు సక్కగ చాపింది. తల కాడ జానెడు మిగిలింది, కాళ్ళ కాడ బెత్తెడు మిగిలింది. చేతులు కట్టుకుని పైకి చూసుకుంట, అమ్మా, సరిపోయిన అన్నది. మన వంశంల అందరికంటే పొట్టిది ఇదే అని నేను ఎన్నిసార్లు బాధపడ్డనో, పెండ్లి ఎట్లయితదో అని. ఆ లారీని దాని కొలతకే చేసినట్టుంది.

ఇగ నేను ఏం అడగలే.

పోయేటప్పుడు లారీ స్టార్ట్ కాలే గదా. గుంపు మొత్తం వచ్చి నెట్టాల్సి వచ్చింది. నువ్వు బ్యాటరీ అన్నవ్. బొజ్జయ్య తాత, పిల్లగానికి పోబుద్ధి అయితలేదన్నడు. నేనూ నెట్టిన. కుండను ఇంట్లనే పెట్టిన గానీ మూత తీసి పెట్టిన. వాడు ఎప్పుడొస్తే అప్పుడొస్తడు, పోతే పోతడు. డ్రైవరు గదా.

కాలేజీ మేడంకు ఉత్తరం రాయి. మనసు బాగుంది, ఇతరములే ఖాయం చేసినం అని రాయి. ఇరవై నిండేదాంక రోడ్డు ముట్టనియ్యకు, లైన్ల జరుపుకోనీ. ఇంటర్ పాసు కావాలె, ఫెయిలయితే లారీ గీరీ ఏం లేదు. పెట్రోలు బంకుల కాగితం నాకు గూడ ఒకటి రాసిమ్మను. నేను ఎన్నడన్న దాని పక్కన కూర్చుని కల్లూరు దాంక పోవాలె గదా. నేను దానికి చెప్పే డ్రైవరు సలహా ఒక్కటే, ఎంత ఎండ కొట్టినా కింద పండుకోవద్దు. ఆ పడక దానిది. ఒకరోజు నాది, ఒకరోజు నీది అని వంతులు పెట్టినవంటే ఊరుకోను.

సమ్మయ్య లుంగీలు, అంగీలు చింపి బొంత కుడుతున్న. ఆ పడక కొలతకే. మొన్న చీర కొంగుతో కొలిచి ముడి వేసుకున్న. నీకు పట్టదు. పొడుగుకూ చాలదు, అడ్డం గూడ ఎక్కువైనవ్.

నీకని వేరే పంపిస్తున్న. మన నులక మంచం, సోమ్లా లారీ ఇటు వచ్చినప్పుడు ఎక్కిస్త. ఇప్పటికీ నువ్వు నేల మీదనే పండుకుంటున్నవని మీ ఇంటామె ప్రమీలకు చెప్పింది, ప్రమీల నాకు చెప్పింది.

ఇగ మంచం ఎక్కి పండుకో, తమ్ముడా.

అక్క